ఆటగంట

పదవ తరగతి పరీక్షలు సమీపించినప్పుడు మా మెదకు పట్టణపు బడులలో మొదట మాయమగునది ఆటగంట. గణితము వెనుకబడినచో గణితమునకు, ఆంగ్లము వెనుకబడినచో ఆంగ్లమునకు అది ధారపోయబడును. మేమును ఉపాధ్యాయులమే; ఆ గంటను పలుమారులు తీసికొని వ్యాకరణము చెప్పితిమి. దేహము ధర్మసాధనమని సంస్కృతపాఠమున బోధించిన నోటితోనే, కిటికీలోనుండి మైదానమువంక చూచు బాలుని గద్దించితిమి. ఆ గంట నిజముగా ఎవరిది?

ఆటకు పోయిన కాలము చదువునకు నష్టమని మనలో అనేకుల నమ్మకము. శాస్త్రము అట్లు చెప్పుట లేదు. తొందరను అణచుకొనుటకును, ముందువెనుకలు ఆలోచించుటకును ఆధారమైన మెదడుభాగము నొసటి వెనుక నున్నది. అది సుమారు 25 ఏండ్లవరకు పరిపక్వమగుచునే యుండును. పదునాలుగేండ్ల బాలునిలో ఆ కట్టడము ఇంకను సగములోనే యున్నదన్నమాట. పరుగువలన నాడీకణములకు పోషకమగు ద్రవ్యములు వృద్ధియగునని జంతువులపై చేసిన పరిశోధనలు చూపినవి. స్వీడను దేశమున 1950-1976 నడుమ పుట్టి, సైన్యపరీక్షకు వచ్చిన 12 లక్షలమందికి పైబడిన యువకుల లెక్కలను అచ్చటి పండితులు 2009లో ప్రకటించిరి. గుండెదారుఢ్యము హెచ్చుగా గలవారికి బుద్ధిపరీక్షలలోను ఫలితములు హెచ్చుగా నుండెను. కండబలమునకు అంతటి సంబంధము కానరాలేదు. ఇంతమాత్రముచేత ఆటయే బుద్ధినిచ్చునని రుజువైనట్లు కాదు. అయినను ఆట చదువునకు శత్రువను మాట మాత్రము నిలువదు.

ఆ లెక్కలన్నియు పురుషులవి. మరి ఆడపిల్లల మాటయేమి? పండ్రెండేండ్లు దాటగానే మన యిండ్లలో వారికి మైదానము నిషిద్ధమగుచున్నది. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు గిరిజనబాలిక, గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు శిఖర మెక్కినప్పుడు ఆమెకు పదునాలుగేండ్లు నిండలేదు. ఆమెను మనమందరము పొగడితిమి. మన కూతురు సాయంకాలము బంతి పట్టుకొన్నచో మాత్రము లోపలికి పిలుచుచున్నాము.

కబడ్డీలో కూతకు పోయిన పిల్లవాడు ఒక్క ఊపిరిలో గీత యెంత దూరమో, కాలు పట్టనున్న వాడెవడో, ముందునకు పోవలెనో మరలవలెనో నిర్ణయించుకొనవలెను. పట్టుబడినచో కోపము దిగమ్రింగి బరి వెలుపల కూర్చుండవలెను. ఈ నిగ్రహమును మా వ్యాకరణము నేర్పలేదు. అయితే బలిష్ఠులైన నలుగురిని ఏరుకొని, తక్కినవారిచే చప్పట్లు కొట్టించు శిక్షణ దీనిని అందరికిని ఇయ్యజాలదు. ఓడినవానిని తిట్టు శిక్షణ ఉన్నదానిని కూడ చెరచును.

మార్కులు పెరుగునను ఆశచేతనే ఆటను ఒప్పుకొన్నచో, అవి పెరుగనినాడు మరల లాగికొందుము. ఎదుగుచున్న బిడ్డకు ఆట హక్కు, బహుమానము కాదు. ఇన్నాళ్లును ఆ గంటను అప్పు తీసికొంటిమనుకొంటిమి. తిరిగి యియ్యని దానిని అప్పనరు. ఈ యేడు వ్యాకరణము మిగిలిపోయినచో మా గంటలోనే ముగించుకొందుము.