చదివితే కాపురం నిలుస్తుందా?



వివాహానికి ముందు శిక్షణ తరగతులకు రమ్మంటే, "కాపురం చేయడం కూడా నేర్పాలా, ఫాదర్?" అని నవ్వేవారున్నారు. పుస్తకం చదివితే అన్నీ చక్కబడతాయనుకొనేవారూ ఉన్నారు. ఏది నిజం?

జాన్ గాట్‌మన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త, దంపతులు మాట్లాడుకొనే తీరును ఏళ్ల తరబడి పరిశీలించారు. కాపురాన్ని చెరిచేవాటిలో చులకన భావమే పెద్ద విషమని తేల్చారు. నలుగురిలో భార్యను తీసిపారేసే భర్త, భర్త మాటకు మూతి విరిచే భార్య ఇది తెలుసుకోవడం మేలే. అయితే అదే దేశంలో 8 చోట్ల, 5,000కు పైగా అవివాహిత జంటలతో ఒక పరిశీలన జరిగింది. 2010లో వెలువడిన ఫలితాల ప్రకారం, మొత్తం మీద, పాఠాలకు పిలిచిన జంటలు మిగిలినవారికంటే ఎక్కువగా కలిసి నిలువలేదు.

ఒకేసారి పలువురితో, అందరి సమ్మతితో ప్రేమబంధం నెరపడాన్ని పాశ్చాత్య దేశాలలో 'పాలియామరీ' అంటున్నారు. అమెరికాలోని సోమర్‌విల్ నగరం 2020లో ఇద్దరికి మించిన సహజీవన బంధాలకు గుర్తింపునిచ్చింది. ఏదీ దాచరాదని, అసూయను గూర్చి మాట్లాడుకోవాలని, సమయం పంచుకోవాలని వారు నియమాలు పెట్టుకొంటారు. ఆ దాపరికంలేనితనాన్ని ఎగతాళి చేయనక్కరలేదు. కాని రోజుకు 24 గంటలే. జ్వరంతో మూలిగే రాత్రి ప్రక్కన ఉండేదెవరు? బిడ్డ ఎవరి చేయి పట్టుకోవాలి? యాకోబు కాలపు ఆచారం వేరైనా, లేయా వేదనను, రాహేలు అసూయను, యోసేపుపై అన్నల పగను పవిత్ర గ్రంథం దాచలేదు. పంచిన హృదయం ఎవరికీ చాలదు.

వివాహం ఇద్దరి సంపూర్ణ పరస్పర సమర్పణ అని, అందులో మూడవవారికి చోటు లేదని శ్రీసభ 2025 నవంబరులో 'ఊనా కారో' అనే పత్రం ద్వారా మరల బోధించింది. ఆ మాటకు 'ఏకశరీరం' అని అర్థం.

మనకా బెడద లేదని తృప్తిపడవద్దు. ఒక్క భార్యే ఉన్నా, మనసంతా మద్యానికో, వడ్డీ లెక్కలకో, సెల్‌ఫోనుకో ఇచ్చినవాడు పీఠం ముందు చేసిన ప్రమాణం నిలుపుకొన్నట్టేనా?

కనుక నేర్చుకోండి. పాఠం దారి చూపుతుంది. నడవవలసింది మనం. నడిపించే బలం దేవుని వరప్రసాదం. ఈ వారం ఒక రాత్రి జపమాల ముగిశాక, "నా వల్ల నీకేం కష్టం కలిగింది?" అని మీ జీవిత భాగస్వామిని అడగండి. అడ్డు చెప్పక వినండి. కానా పెండ్లిలో ద్రాక్షారసం తరిగిపోయిందని గమనించిన మరియతల్లి, మన ఇంట ఏది తరిగిపోయిందో చూడగల కన్నులను మనకు అడిగిపెట్టునుగాక. ఆమెన్.