పూర్వకీర్తి

పందెమునకై యాడుట వేరు, ప్రొద్దుపుచ్చుటకై యాడుట వేరు. ఈ భేదము నెల్లరు నెరుగుదురు. ఎరిగియు నాచరింపలేనివారు కొందరు గలరు. వారిలో నేనొకడను.

యౌవనమున నేను కళాశాల పక్షమున షటిల్ పందెముల కేగుచుండెడివాడను. ఏబదియేండ్లు దాటిన యీ కాలమున, సాయంసమయములయందు ఇరుగుపొరుగువారితో నాడుచున్నాను. వారు నవ్వుచు గెలుతురు, నవ్వుచు నోడుదురు. నాకు మాత్రము సర్వీసు చేయునప్పుడు చేయి బిగిసికొనును. ఒకనాడు నా దెబ్బ తప్పి షటిల్ వలకు తగులగా, నా తప్పునకు జతగాడైన యువకుని గద్దించితిని. మరునాడతడు రాలేదు.

ఈ కలవరమునకు కారణమెవరు? చూచువారు లేరు, బహుమానము లేదు. ఇరువదియేండ్లనాటి నేనే వల కావల నిలిచి నన్నోడించుచుంటిని. తాతలు నేతులు త్రాగిరని మూతులు వాసన చూపువారిని మనము పరిహసింతుము. తన యౌవనమునే తాతగా జేసికొని గౌరవము గోరువాడు వారికంటె నెట్లు మేలు? అభ్యాసముచే దనంతట నడచు చేతికి మనస్సు కావలి గాచినకొలది, ఆ చేయి తడబడునని మనశ్శాస్త్రజ్ఞులును జెప్పుచున్నారు.

గెలుపు గోరక యాడుమని కొందరు బోధింతురు. అది నాకు సమ్మతము గాదు. గెలుపు గోరని యాట యెదుటివానికి అవమానము. ఇరువదియొకటవ పాయింటు వరకు సర్వశక్తులతో నాడవలసినదే. విడువవలసినది కోరిక గాదు. ఆ పాయింట్లతో మన విలువను, తోడివారి విలువను గట్టుట.

తెలుగువారగు కొట్టారి కనకయ్యనాయుడుగారు 1932లో లార్డ్సు మైదానమున భారతదేశపు తొలి టెస్టుకు నాయకులు. 1963లో, 68 ఏండ్ల ప్రాయమున, ధర్మార్థము జరిగిన యొక పోటీలో మరల బ్యాటు పట్టిరి. ఆ చేతికి మునుపటి దెబ్బ రాదని యెవరికి దెలియదు? పూర్వకీర్తిని గాపాడుకొనుటయే ముఖ్యమైనచో ఇంట గూర్చుండుటయే సులభోపాయము. మైదానమున కేగువాడు నేటి చేతితో నాడుట కొప్పుకొనవలయును.

నేనా యువకుని యింటికేగి, క్షమింపుమని వేడితిని. అతడు తిరిగి వచ్చెను. నా చేయి నేటికిని అప్పుడప్పుడు బిగియుచునే యున్నది. నిన్న మేమిరువురము 17-21 తో నోడితిమి. ఓటమి నొప్పింపలేదనుట యబద్ధము. కాని యా నొప్పి వీథిమలుపు వరకే నాతో వచ్చెను, ఇంటిలోనికి రాలేదు.