ఏటి ఇసుక - ధర్మకర్త బేరము

లోకంలో అమ్మదగిన వస్తువులు కొన్ని, అమ్మరాని వస్తువులు కొన్ని. పండించిన ధాన్యాన్ని రైతు అమ్ముకొనవచ్చును. నేసిన బట్టను నేతగాడు అమ్ముకొనవచ్చును. వాటిలో వారి కాయకమున్నది. కాని తాను చేయని వస్తువును, కావలి కాయుమని తనకు అప్పగింపబడిన వస్తువును ఒకరు ధరకట్టి అడిగినప్పుడు ఏమి చేయవలెను? పూర్తిగా కాదనుటకు వీలులేనప్పుడు ఏ షరతులకు ఒప్పుకొనవచ్చును, ఏ షరతును వదలుకొనరాదు? ఏటి ఇసుక తవ్వుకొనుటకు ఒక సంస్థ అనుమతి కోరి వచ్చినప్పుడు మన ఊరి పెద్దల ముందు నిలిచే ధర్మసందేహము ఇదే.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం సీమలను ఎరిగినవారికి ఇక్కడి ఏరుల స్వభావము వేరుగా చెప్పనక్కరలేదు. బాహుదా నది మదనపల్లె మీదుగా సాగి చెయ్యేరును చేరుతున్నది. కౌండిన్య నది పుంగనూరు, పలమనేరు ప్రాంతాల నీటిని తీసికొని తమిళనాడులోని గుడియాత్తం వైపు పోతున్నది. పాలారు కర్ణాటకలోని నందికొండల ప్రాంతంలో పుట్టి, కుప్పం సీమలో సుమారు 33 కిలోమీటర్లు నడచి, తమిళనాడులో ప్రవేశిస్తున్నది. వీటిలో ఏదియు జీవనది కాదు. వానలు పడినప్పుడు కొన్నాళ్లు పారి, తక్కిన ఏడాదంతా ఇసుకమేటగా కనిపిస్తుంది. కొత్తగా చూచినవారు ఏరు ఎండినదనుకొందురు. నిజానికి నీరు ఇసుక క్రింద దాగి ఉండును. మన పూర్వులకు ఆ సంగతి తెలియును. వేసవిలో ఇసుకలో చెలమ తీసి కడవలు నింపుకొన్నారు. ఏటి గర్భంలో ఊటకాలువలు త్రవ్వి ఆ నీటిని పొలాలకు మళ్లించుకొన్నారు.

ఇసుక చేసే ఈ సేవను లెక్క కట్టి చూడవచ్చును. ఒక హెక్టారు మేర, ఒక మీటరు మందమున పరచుకొన్న ఇసుక 10,000 ఘనమీటర్లు. రేణువుల నడుమనుండే ఖాళీ దాదాపు మూడవ వంతు. అనగా వాన వచ్చినప్పుడు ఆ ఒక్క పొర 30 లక్షల లీటర్లకు పైగా నీటిని పట్టి ఉంచగలదు. దానిలో కొంత రేణువులకు అంటుకొని ఉండిపోయినను, మిగిలినది మెల్లగా ఊరి బావులకు, బోర్లకు చేరుతుంది. పైపొర ఎండినను, క్రింది నీటిని సూర్యుడు త్రాగలేడు. ఇట్టి తొట్టిని కట్టవలెనన్న ఎంత సిమెంటు, ఎంత సొమ్ము కావలెను? ఏరు దానిని ఎన్నో ఏళ్ల వరదలతో, ఎవరి వద్దను కూలి పుచ్చుకొనక, కట్టి ఇచ్చినది. యంత్రము దానిని కొద్ది దినములలో ఎత్తివేయగలదు.

ఈ సీమలో బోర్లు వెయ్యి అడుగులు దాటి పోయిన ఊళ్లు ఉన్నవి. శ్రీశైలం జలాశయం నుండి కృష్ణా జలాలను ఎత్తిపోసి, హంద్రీ-నీవా పథకపు పుంగనూరు, కుప్పం ఉపకాలువల ద్వారా ఇక్కడకు తేవలసి వచ్చినది. దూరపు నీటికై ప్రభుత్వము అంత వ్యయము చేయుచుండగా, మన వాననీటిని మన ఊరిలోనే నిలిపే ఇసుకను లారీలకెత్తి పంపుట వివేకమా అని మనమే యోచింపవలెను.

ఇక అనుమతి సంగతి. చట్టం దృష్టిలో ఇసుక చిన్నతరహా ఖనిజము. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టములోని 15వ సెక్షను దానిపై నిబంధనలు చేయు అధికారమును రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చినది. మన రాష్ట్రంలో ఇసుక 2014లో మహిళా స్వయంసహాయక సంఘాల చేతికి వచ్చినది. 2016లో ఉచితమైనది. 2019లో రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థకు, 2021లో ఒక ప్రైవేటు సంస్థకు అప్పగింపబడినది. 2024లో మరల ఉచితమైనది. పదేళ్లలో అయిదు పద్ధతులు. పద్ధతి మారినప్పుడల్లా ఇసుక అమ్మకము ఎవరి చేతిలో ఉండవలెనన్న చర్చ జరిగినది కాని, ఏటిలో ఎంత మిగలవలెనన్న చర్చ అంతగా జరుగలేదు.

నిబంధనలు లేకపోలేదు. 2002 నాటి వాల్టా చట్టమును, దాని క్రింద 2004లో వచ్చిన నియమాలును చిన్న వాగుల ఇసుకను ఒడ్డున ఉన్న గ్రామాల అవసరాలకే పరిమితము చేసినవి. వంతెనలకు, ఆనకట్టలకు 500 మీటర్ల లోపల తవ్వరాదన్నవి. 2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దీపక్ కుమార్ కేసులో, అయిదు హెక్టార్ల లోపు తవ్వకమునకైనను పర్యావరణ అనుమతి ఉండవలెనని చెప్పినది. అయితే గ్రామము మాట ఎంతవరకు చెల్లును? 1996 నాటి పెసా చట్టము ప్రకారము షెడ్యూల్డు ప్రాంతాలలో చిన్న ఖనిజాల లీజుకు ముందుగా గ్రామసభ లేదా పంచాయతీ సిఫారసు తప్పనిసరి. మన సీమ షెడ్యూల్డు ప్రాంతము కాదు. కనుక ఇక్కడ లీజు ఇచ్చే కలము పంచాయతీ చేతిలో లేదు. అయినను లారీ పోవలసినది ఊరి బాటపైననే. ఎండవలసి వస్తే ఎండేది ఊరి బావియే. అందువలన సంస్థవారు ఊరి పెద్దల వద్దకు రాక తప్పదు. బేరము అక్కడ మొదలగును.

బేరమాడుటయే తప్పని చెప్పుట సులభము. కాని ఎదుటివారి వాదమును కూడ న్యాయముగా వినవలెను. ఇల్లు కట్టుకొనే పేదవానికి ఇసుక కావలెను. బడి గదికి, ఆసుపత్రికి కావలెను. ట్రాక్టరు నడిపేవాడు, గంపనెత్తే కూలి దానిపై బ్రతుకుచున్నారు. ప్రపంచమంతట ఏటేటా వాడే ఇసుక, కంకర సుమారు 5,000 కోట్ల టన్నులని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగము 2022లో అంచనా వేసినది. అంత అవసరమున్న వస్తువును ఎవరును తాకరాదన్నచో, పగటి తవ్వకము పోయి రాత్రి తవ్వకము వచ్చును. రాళ్లను పొడిచేసి ఇసుక చేయవచ్చును గదా అందురు. చేయవచ్చును, చేయుచున్నారు. కాని దానికి కొండ కరగవలెను, దుమ్ము లేవవలెను. ఆ భారము మరియొక ఊరిపై పడును. కాబట్టి తవ్వకమును పూర్తిగా కాదనుట అన్నిచోట్ల ధర్మము కాదు. అయితే ధర్మము ఎక్కడ ఉన్నది?

మఠాలతో పరిచయమున్నవారికి దీనిని ఒక ఉపమానముతో చెప్పవచ్చును. మఠమునకు దాతలిచ్చిన మాన్యమున్నది. పీఠాధిపతి దాని ఫలమును అన్నదానమునకు, విద్యాదానమునకు వినియోగింపవచ్చును. కౌలు ఎంత, గడువు ఎంత అని రైతుతో బేరమాడవచ్చును. గట్టిగా బేరమాడుట ఆయన విధి కూడ. కాని ఆ భూమిలోని మట్టినే పెళ్లగించి ఇటుకబట్టీకి అమ్ముటకు ఆయనకు అధికారము లేదు. ఆయన యజమాని కాదు, ధర్మకర్త. తనకు ముందు ఇచ్చినవారికి, తన తరువాత రాబోవు వారికి నడుమ నిలిచిన మనిషి. పంచాయతీ సభ్యుడు ఏటి విషయంలో అట్టివాడే. 1996లో సుప్రీంకోర్టు కమల్ నాథ్ కేసులో, బియాస్ నది ఒడ్డున ఒక హోటలు చేసిన ఆక్రమణను విచారించి, నదులు మొదలైన ప్రకృతి సంపదకు ప్రభుత్వము ధర్మకర్తయే కాని యజమాని కాదని తీర్పు చెప్పినది. ప్రభుత్వమునకే లేని యాజమాన్యము ఊరి పెద్దకు ఎక్కడిది?

ఈ దృష్టితో చూచినచో షరతులు రెండు విధములుగా విడిపోవును. రుసుము ఎంత, లారీలు ఏ బాటన పోవలెను, చెడిన రోడ్డును ఎవరు బాగుచేయవలెను, ఎంతమంది స్థానికులకు పని ఇవ్వవలెను అనునవి మొదటి విధము. ఇవి బేరమాడదగినవి. నష్టపోయేవారు, లాభపడేవారు ఆ కూటమిలోనే ఉన్నారు. కొంత ఇచ్చి కొంత పుచ్చుకొనవచ్చును. ఎంత లోతు తవ్వవలెను, ఒడ్డుకు, బావికి ఎంత దూరము విడువవలెను, వరదకాలమున ఆపవలెనా, యంత్రము దింపవచ్చునా అనునవి రెండవ విధము. వీటి వలన నష్టపడేవారు ఆ కూటమిలో లేరు. దిగువ ఊరి రైతు లేడు. పదేళ్ల తరువాత ఆ బావిలో చేద వేయవలసిన బిడ్డ లేదు. లేనివారి సొత్తును ఉన్నవారు సగము ధరకైనను, రెట్టింపు ధరకైనను అమ్మరాదు. రోడ్డు వేయింతుము, ఒక మీటరు ఎక్కువ తవ్వనిండని సంస్థవారు అడిగినప్పుడు, ఆ రెంటిని ఒక త్రాసులో పెట్టుటయే తప్పు.

దిగువ ఊరి మాట వచ్చినది గనుక పాలారు చరిత్రను ఒకసారి తలచుకొందము. 1892లో మైసూరు సంస్థానమునకు, మద్రాసు ప్రభుత్వమునకు నదీజలాలపై ఒక ఒప్పందము జరిగినది. మద్రాసు సమ్మతి లేక ఎగువన మైసూరు కొత్త జలాశయాలు కట్టరాదని దాని సారాంశము. పాలారు ఆ నదులలో ఒకటి. నాడు కుప్పం ఉత్తర ఆర్కాడు జిల్లాలో, మద్రాసు రాజధానిలో ఉండెను. అనగా ఆ ఒప్పందము కాపాడిన దిగువవారిలో మనమున్నాము. నేడు తమిళనాడు దృష్టిలో మనమే ఎగువవారము. ఇక్కడి చెక్ డ్యాముల గురించి వారు వేసిన వ్యాజ్యము సుప్రీంకోర్టు వరకు పోయినది. దాని మంచిచెడ్డల తీర్పు న్యాయస్థానమునకు వదలుదము. మనము నేర్వవలసినది ఇంతే: ప్రతి ఊరును ఒకరికి ఎగువ, మరియొకరికి దిగువ. పైవారు మనపట్ల ఎట్లుండవలెనని కోరుదుమో, క్రిందివారిపట్ల మనమట్లుండవలెను. ఇసుకకును ఇదే న్యాయము.

ఇక్కడ మనవారందరు జాగ్రత్తగా యోచింపవలసిన మాట ఒకటి ఉన్నది. అనుమతి బేరము నడుచుచుండగా గుడికి గోపురమో, బడికి గదియో, మఠమునకు అన్నదాన మంటపమో కట్టింతుమని సంస్థవారు ముందుకు వచ్చుట కలదు. పెద్దలు సంతోషింతురు. తన సొంతమునకు ఏమియు పుచ్చుకొనలేదు గనుక తప్పు లేదని మనస్సుకు చెప్పుకొందురు. కాని దాసోహమునకు, వెలకు భేదమున్నది. తన కాయకముతో ఆర్జించినది, తిరిగి ఏమియు కోరక సమర్పించుట దాసోహము. సంతకమునకు ముందు చూపిన కానుక సంతకపు వెలయే. అది మంటపమైనంత మాత్రమున వెల కాకపోదు. ఊరి బావి ఎండి, మంటపములో అన్నము వడ్డించిన నాడు, భక్తునికి చేయి కడుగుకొన నీరెక్కడిది?

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ మన ఇండ్లలో పిల్లలకు కూడ తెలిసినదే. కల్యాణ పురమున రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి దాసోహము చేయుట మారయ్య కాయకము. ఒకనాడు అతడు నిత్యముకన్న ఎక్కువ తెచ్చెను. లక్కమ్మ మెచ్చలేదు. అవసరమునకు మించినది మనది కాదని, తెచ్చిన చోటనే పోసి రమ్మనెను. ఆ బియ్యము దొంగసొత్తు కాదు, దాసోహమునకే తెచ్చినది. అయినను ఆమె అడిగినది కొలతను గూర్చి. ఏటి గట్టున నిలిచి మనము అడుగవలసినదియు అదే ప్రశ్న: ఏరు ఈ ఏడు ఎంత తెచ్చి పెట్టినది, మనమెంత తీసికొనుచున్నాము?

ఆ ప్రశ్నకు జవాబు కావలెనన్న లెక్కపెట్టువాడు కావలెను. కాగితముపై ఎంత మంచి షరతు వ్రాసినను, కొలిచేవాడు లేనిచో అది అలంకారము. కేరళ రాష్ట్రము 2001లో చేసిన నదీతీర సంరక్షణ చట్టము స్థానిక సంస్థల పరిధిలో కడవు సంఘాలను ఏర్పరచి, ఇసుక మదింపునకు కూడ ఏర్పాటు చేసినది. చట్టము చేసినంతనే అక్కడ దొంగతవ్వకము మాయమైనదని చెప్పుట లేదు. అయినను కొలత గ్రామము చేతికి రావలెనన్న ఆలోచన సరియైనది. మన పంచాయతీలు లీజును ఆపలేకపోవచ్చును. కాని గ్రామసభలో తీర్మానము చేయవచ్చును. అనుమతి పత్రపు నకలు తెప్పించి, అందలి షరతులను తెలుగులో వ్రాసి కచేరీ గోడపై అంటింపవచ్చును. ఏటిలో కొలరాయి పాతి, వరదకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి ఇసుక మట్టమును ఊరివారి ఎదుట గుర్తింపవచ్చును. చదువుకొన్న యువకులు బండ్లను లెక్కింపవచ్చును. హద్దు దాటిన రోజున అధికారికి వ్రాయవచ్చును. వీటికి ఏ కొత్త చట్టమును అక్కరలేదు.

కావున సంస్థవారితో కూర్చుండుట పాపము కాదు. కూర్చుండునప్పుడు తాను ఎవరి తరఫున కూర్చున్నాడో మరచుట పాపము. తన వాటా సొమ్మును తగ్గించుకొన్న పెద్దను ఊరు క్షమించును. లోతును పెంచి సంతకము చేసిన పెద్దను క్షమించుటకు ఆ ఊరికి కూడ అధికారము లేదు, ఏలన నష్టపోయినవారు ఇంకను పుట్టలేదు. వారి పక్షమున ఒక్క గొంతుకయైన ఆ కూటమిలో వినబడవలెను. అది మన గొంతుక కావలెను.