డబ్బిచ్చి తినే అన్నం

అన్నం అమ్ముకోకూడదన్న పట్టింపు గోదావరి సీమలో ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఇక్కడి వైదిక కుటుంబాల్లో చాలావాటిది ఆపస్తంబ సూత్రం. అంగట్లో అమ్మే వండిన అన్నం తినవద్దని అందులో ఉంది. ఆ కుటుంబాలే వల్లించే తైత్తిరీయోపనిషత్తేమో గడపలోకొచ్చినవాణ్ణి కాదనవద్దనీ, అందుకోసమైనా అన్నం దండిగా సమకూర్చుకోమనీ చెబుతుంది. ఆ మాటను బతికి చూపించిన ఇల్లాలు లంకల గన్నవరం డొక్కా సీతమ్మ (1841–1909). వేళాపాళా లేకుండా వచ్చిన బాటసారికల్లా వండి పెట్టిన ఆవిడ పక్కన కాకినాడ సుబ్బయ్య హోటల్నో, రాజమండ్రిలో ఏ మెస్సునో నిలబెడితే పెద్దలు నొచ్చుకుంటారు. అక్కడిది పుణ్యం, ఇక్కడిది బేరం అంటారు. ఆ బేరంలోనూ ఒక ధర్మం ఉందని నా వాదన.

మధ్యాహ్నం ఒంటిగంటకి భోజనం హోటల్లో రేగే గోల చూడండి. "బాబూ, పులుసు ఇటు!", "ఆ గోంగూర ఇంకాస్త వెయ్యవయ్యా", "నెయ్యేదీ?" చాలని ఆకుమీద చెయ్యి అడ్డం పెట్టినా వడ్డించేవాడు వేళ్ల సందుల్లోంచి ఓ గరిటెడు పప్పు జార్చి పోతాడు. దానం తినేచోట ఇలా గొంతెత్తి అడగడానికి నోరు రాదు. పెట్టినమ్మ మనసు ఎంత వెన్నయినా, తిన్నవాడి మీద రుణం ఉండిపోతుంది. హోటల్లో ఆ రుణం గల్లాపెట్టె దగ్గరే తీరిపోతుంది. గోత్రం అడగరు, టోకెన్ అడుగుతారు. లారీ డ్రైవరూ, కోర్టు పనిమీద వచ్చిన ప్లీడరూ ఒకే బల్ల దగ్గర చెయ్యి కడిగి కూర్చుంటారు.

ఇది మరీ తియ్యటి బొమ్మ అని చరిత్ర తెలిసినవాళ్లంటారు. నిజమే. బ్రాహ్మణ హోటలని బోర్డులు కట్టినదీ, దళితుడికి డబ్బు పుచ్చుకుని మరీ వేరే గ్లాసు పెట్టినదీ ఈ హోటళ్లే. రూపాయి తనంత తాను కులాన్ని చెరపలేదు. అయితే 1950లో అమల్లోకొచ్చిన రాజ్యాంగం, 15వ అధికరణంలో హోటళ్లను పేరెత్తి చెప్పి, కులం పేరుతో ఎవరినీ ఆపకూడదంది. మీ ఇంటి పంక్తిలో ఎవరిని కూర్చోబెట్టుకున్నారని ఏ అధికరణమూ అడగదు. అమ్మకానికి తలుపు తెరిచినవాణ్ణి నిలదీయగలదు, అమలు ఎంత కుంటినడకైనా.

మరి జేబులో పైసా లేనివాడో? దీనికి హోటలు దగ్గర జవాబు లేదు. సీతమ్మ ముందు అది తలవంచేది ఇక్కడే. కానీ ఆ ఆకలికి కూడా దయ ఒక్కటే దారి కానక్కర్లేదు. 2013 ఆహార భద్రత చట్టం బడిపిల్లల మధ్యాహ్న భోజనాన్ని హక్కు చేసింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో ఆ భోజనానికి సీతమ్మ పేరే పెట్టింది. ఆవిడ పేరున్న కంచం ముందు కూర్చున్న పిల్లవాడు ఎవరికీ రుణపడి తినడం లేదు. పప్పు నీళ్లలా ఉంటే, హోటల్లో వాళ్ల నాన్నలాగే, "ఇదేం పప్పండీ?" అని గట్టిగా అడగొచ్చు.