ఎండిన కొమ్మ – దైవేచ్ఛ

అనావృష్టి నాటి అడవిలో కొమ్మ విరిగి బాటసారిపై పడినపుడు "అంతయు దైవేచ్ఛ" యని నిట్టూర్చుట మనకు అలవాటు. ఆ మాట భక్తి వలన పుట్టినదా, అలసత్వము వలన పుట్టినదా యని విచారింపవలసి యున్నది.

వృక్షము అకారణముగా కూలదు. వేళ్ళు పీల్చిన నీరు సన్నని నాళముల గుండ తెగని దారము వలె ఆకుల వరకు సాగుచుండును. నేల ఎండినను ఎండ పైనుండి లాగుచునే యుండుటచే ఆ దారము తెగి, నాళములలో గాలి చేరును. ఇక ఆ దారిన నీరెక్కదు. కొమ్మలు ఎండును, పీచువేళ్ళు నశించును, మ్రానులో పురుగు చొచ్చును. కరవునకు నిలిచిన చెట్టు ఒక్కొక్కప్పుడు తొలకరికి కూలును. తడిసిన నేల పట్టు సడలును, గాలి తోయును, ఆనుకొనుటకు వేళ్ళుండవు. వాన కొరకు మ్రొక్కినవారే ఆ వానలో దాని క్రింద నిలుతురు!

అట్లని మోడెల్ల నరకుటయు అజ్ఞానమే. 2010లో జీవావరణ రక్షిత ప్రాంతముగా ప్రకటింపబడిన శేషాచలపు అడవులలో రక్తచందనము వేసవిలో ఆకు రాల్చి నీటిని దాచుకొనును. రెమ్మ బెరడు గోటితో గీరిన లోపల పచ్చదనము కనబడును.

భాగవత దశమస్కంధమున యమళార్జున భంజనమును, నలకూబర మణిగ్రీవుల శాపవిమోచనమును ఎరుగనివారు లేరు. పిదప జరిగినది మనము అంతగా తలపము. వృద్ధగోపకుడైన ఉపనందుడు పూతనను, శకటమును, తృణావర్తుని, కూలిన చెట్లను ఒక్కొక్కటిగ ఎన్ని, బిడ్డ బ్రతుకుట హరి యనుగ్రహమే యని ఒప్పుకొని, ఆ నోటనే బృహద్వనము విడిచి బృందావనమునకు పోవుదమనెను. హరి కాచినాడు గదా, కదలనేల యని ఆయన యనలేదు.

మార్జాలకిశోర న్యాయము నెరిగినవారు ఇచట ఆక్షేపింపవచ్చును: తల్లిపిల్లి నోట కరచుకొని పోవుచుండ పిల్లకు ప్రయత్నమేల? నిజమే. తన రక్షణము విషయమున నిశ్చింతగా నుండుట ప్రపన్నునకు శోభించును. తోటి యాత్రికుని తలపై వ్రేలాడు కొమ్మను చూచియు నిశ్చింతగా నుండుట శోభింపదు. అది పరుని ప్రాణముతో చేయు శరణాగతి.

నీడనిచ్చిన చెట్టును కొట్టుట పాపము కాదా యందురు. నడకదారి ప్రక్క ఎండిన కొమ్మను మాత్రము తీసి, ప్రాణమున్న చెట్టును నిలుపుట ఉచితమని నా తలంపు. మనుష్యులు నడువని లోయడవిలో కూలినదానిని ముట్టనక్కరలేదు. దాని తొర్రలు పక్షులకు, దాని మ్రాను మట్టికి చెందును.

ఊరి రావిచెట్టు సంగతి వేరు. భక్తితోనే దాని మొదట చుట్టును సిమెంటు అరుగు బిగింతుము. వాననీరు లోని కింకదు. కొమ్మ విరిగిన పిదప శాంతి చేయింతుము. అరుగు మాత్రము అట్లే యుండును.