మతం గడి

కిందటి నెల తిరుచానూరులో ఒక మీసేవ కేంద్రంలో వరుసలో నిలబడ్డాను. నా ముందు ఒక తండ్రి, ఇంటర్ చదివే కొడుకు. కుల ధ్రువీకరణ పత్రానికి వచ్చారు. కంప్యూటర్ ముందున్న అమ్మాయి "మతం ఏమని రాయాల?" అంది. తండ్రి వెంటనే పలకలేదు. చొక్కా పై గుండీ పెట్టుకుంటూ, "హిందూ అనే రాయమ్మా" అన్నాడు. గుండీ పడేలోపే నల్లదారానికి వేలాడే చిన్న శిలువ నా కంటబడింది. కొడుకు తల వంచుకున్నాడు.

ఆయన్ను అబద్ధీకుడనడం తేలిక. ఆ అబద్ధం ఎందుకు అవసరమైందన్నదే ఇప్పటికీ నన్ను వదలని ప్రశ్న.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవం పుచ్చుకున్న మాల, మాదిగలు మాత్రం మన ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సి కింద ఒక్క శాతం కోటాలో ఉంటారు. అదే ఎరుకల తెగ మనిషి చర్చికి వెళ్లినా ఎస్టీగానే ఉంటాడు. 2025లో మన హైకోర్టు ఒక పాస్టరు కేసులో, క్రైస్తవంలోకి మారినవారికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఎస్సీలకుండే రక్షణ వర్తించదంది. నమ్మకం లేకుండా రిజర్వేషన్ కోసమే మతం చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని అంతకు ముందటేడు సుప్రీంకోర్టు అంది. చట్టం మాట చట్టానిది. కానీ బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన ఆ మనిషి ఇల్లు దళితవాడ దాటి ఊళ్లోకి వస్తుందా? అవమానించేవాడు ముందు మతం అడిగి, తర్వాత అవమానిస్తాడా?

తిరుమల కొండమీద దర్శనానికి వచ్చే అన్యమతస్థులను స్వామిపై విశ్వాసముందని డిక్లరేషన్ అడుగుతారు. అది దేవుడి ఇల్లు, అక్కడి ఆచారం అక్కడిది. నాకు అభ్యంతరం లేదు. ప్రభుత్వ కార్యాలయం ఎవరి గుడీ కాదు. అక్కడ అడగాల్సింది "నీకు జరిగిన అన్యాయం ఏమిటి" అని. "నీ దేవుడెవరు" అని ఎందుకడగాలి?

ప్రశ్న చర్చికి కూడా ఉంది. క్రీస్తులో కులం లేదని ఆదివారం బోధించి, సోమవారం పెళ్లి సంబంధానికి కులం చూసే సంఘాలు మన జిల్లాల్లో లేవా? ఏ గుర్తుకు ఓటెయ్యాలో చెప్పే పాస్టరు, తన సంఘస్థుడు శిలువను గుండీ కింద ఎందుకు దాచుకుంటున్నాడో ఎప్పుడైనా అడిగాడా? విశ్వాసికి రాజకీయమంటే ఓట్ల మూట కట్టడం కాదనుకుంటాను. భయం లేకుండా నిజం చెప్పగలిగే చోటును అందరికోసం, పక్క మతంవాడికోసం కూడా, అడగడం.

పన్ను కట్టాలా వద్దా అని అడిగినవాళ్లను ఏసు నాణెం చూపించమన్నాడు, దాని మీద బొమ్మ ఎవరిదన్నాడు. చక్రవర్తిది చక్రవర్తికి, దేవుడిది దేవుడికి ఇవ్వమన్నాడు. ఆ రోజు ప్రింటర్‌లోంచి వచ్చిన రసీదును ఆ పిల్లవాడు రెండు చేతులా పట్టుకున్నాడు. అసలు పత్రం తర్వాత వస్తుంది. దాని పైన ప్రభుత్వ ముద్ర, అందులో సత్యమేవ జయతే. దాని కింద ఎక్కడా కనబడనిది తండ్రి చెప్పలేకపోయిన నిజం. ఆ నిజం ఎవరిది? చక్రవర్తిదా, దేవుడిదా? పిల్లవాడిదే అనిపిస్తుంది నాకు. అది వాడికి తిరిగి ఇవ్వాల్సింది మాత్రం మనందరం.