ఎలుగుబంటి కల

గుడివాడ నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. పేరు చెప్పలేదు. "మీ సీరియల్ చదివేదాన్నమ్మా, డెబ్బై దాటాయి నాకు" అన్నారంతే. నా కథలో అమ్మాయికి పెళ్ళి కుదిరి మూడు వారాలైంది. పెళ్ళికొడుకు మంచివాడో కాదో నేనింకా తేల్చలేదు. "వాడెట్లాంటివాడో నా ఒక్కదానికీ చెప్పు తల్లీ, పైకి పొక్కనివ్వను. రాత్రిళ్ళు నిద్ర పట్టటంలేదు" అని ఆవిడ గోల. నవ్వేసి, వచ్చేవారం దాకా ఓపిక పట్టండమ్మా అన్నాను. ఫోన్ పెట్టేశాక, దాచుకోవటం దేనికి, కాస్త గర్వంగానే అనిపించింది. చదివేవాళ్ళ నిద్ర చెడగొట్టటానికే కదా మేం కలాలు పట్టుకు కూర్చునేది!

ఆ గర్వం రెండ్రోజులు కూడా నిలవలేదు. మళ్ళీ గుడివాడ నుంచే ఫోన్. ఈసారి మా వదిన. వాళ్ళమ్మాయికి బందరు సంబంధం వచ్చిందిట. "మీ వూరివాళ్ళేగా అమ్మాయ్, కాస్త ఆరా తీసి చెప్పు. నీకు తెలియనిదేముంది!" అంది.

తెలియకపోవటమేం, ఆరా తీయకుండానే తెలిసింది. అంతకు వారం ముందు కోనేరు సెంటర్లో కూరలు కొంటుంటే ఎదురైన ఒకావిడ మాటల్లో ఆ యింటి ప్రస్తావన వచ్చింది. "అబ్బాయికి హైదరాబాదులో యింకో పిల్లతో స్నేహంటండీ. యింట్లో పడనివ్వక యీ సంబంధాలు చూస్తున్నారు" అంది. అంతే. నేను చూసింది కాదు, విన్నది. చెప్పినావిడ కూడా ఎవరో అనగా విన్నదే.

వదినతో "కనుక్కుంటాలే" అని తప్పించుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టనిది నాకు.

నిద్ర పట్టకపోతే పాత పుస్తకాలు తిరగెయ్యటం నాకు అలవాటు. చేతికి పుష్కిన్ తగిలాడు. బి.ఏ. చదివే రోజుల్లో ఇంగ్లీషు అనువాదంలో చదువుకున్న 'యెవ్గేనీ ఒనేగిన్'. పద్యాల్లో రాసిన నవల అది. కథ తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెబుతాను. తత్యానా పల్లెటూరి జమీందారు కూతురు, మాటకారి కాదు, పుస్తకాల పురుగు. పక్క ఎస్టేటుకి వచ్చిన పట్నం బాబు ఒనేగిన్ మీద మనసు పడి, ఆడపిల్ల చెయ్యగూడని పని చేసింది: తనే ముందు వుత్తరం రాసింది. అతను పెద్దమనిషిలా నీతులు చెప్పి పంపేశాడు. తర్వాత తన స్నేహితుడు లెన్‌స్కీని, అంటే తత్యానా చెల్లెలు ఓల్గాకి కాబోయే మొగుణ్ణి, అర్థంలేని పంతానికి పోయి ద్వంద్వయుద్ధంలో కాల్చి చంపి వూరు వదిలిపోయాడు. తత్యానాని తల్లి మాస్కో తీసుకెళ్ళి ఒక జనరల్‌కి కట్టబెట్టింది. కొన్నేళ్ళకి ఆమెని పీటర్స్‌బర్గ్‌లో చూసి, యీసారి వుత్తరాలు రాయటం ఒనేగిన్ వంతయింది. ప్రేమ వున్నమాట నిజమే, కానీ నేనింకొకరి భార్యని అని ఆమె లేచి వెళ్ళిపోతుంది. కథ అక్కడితో సరి.

ఇందులో అందరూ చెప్పుకునేది అయిదో అధ్యాయంలో తత్యానా కల. పండగ రోజుల్లో దిండు కింద అద్దం పెట్టుకుని పడుకుంటుంది, కాబోయేవాడు కలలో కనపడతాడని. (మనవాళ్ళకి అట్ల తద్ది వుంది. వూరూ వాడా వేరుగానీ ఆడపిల్లల బెంగ ఒకటే.) కలలో మంచు, వాగు, వణికే చెక్క వంతెన. ఒక ఎలుగుబంటి చెయ్యిచ్చి వాగు దాటిస్తుంది. భయపడి పరిగెడితే వెంటపడి, పడిపోయిన పిల్లని ఎత్తుకుపోయి ఒక గుడిసె ముందు దింపుతుంది. తన చుట్టం యిల్లే అది, కాస్త చలికాచుకోమంటుంది. లోపల భూతాలు విందు చేసుకుంటున్నాయి. వాటికి పెద్ద ఒనేగిన్. కాసేపటికి ఓల్గా, లెన్‌స్కీ వస్తారు. మాటా మాటా పెరిగి ఒనేగిన్ కత్తితో లెన్‌స్కీని పొడుస్తాడు. తరువాతి అధ్యాయంలో కత్తికి బదులు పిస్తోలు, అంతే తేడా. చదివేవాళ్ళకి ముందే తెలిసిపోయింది. తెలిసీ, జరగకుండా వుంటే బావుండునని గుండె చిక్కబట్టుకుని పేజీ తిప్పుతాం.

కానీ ఆ రాత్రి నాకు పట్టుకున్నది చావు సంగతి కాదు. పెళ్ళి సంగతి. చావుకి అంత కల, అన్ని శకునాలు, పేజీలకి పేజీలు! పెళ్ళికో? ఏడో అధ్యాయం చివర ఒక విందులో యిద్దరు పెద్దమ్మలు అటో పక్కా యిటో పక్కా మోచేతుల్తో పొడిచి, అటు చూడమంటారు. చూస్తే లావుపాటి జనరల్ ఒకాయన. అక్కడితో అధ్యాయం అయిపోతుంది. పెళ్ళిచూపుల్లేవు, తాంబూలాల్లేవు, పెళ్ళే లేదు. ఎనిమిదో అధ్యాయంలో ఆమె రాణీలా నడిచి వస్తుంది. పెళ్ళయి ఎన్నాళ్ళని ఒనేగిన్ అడిగితే రెండేళ్ళ దాకా అయిందని ఆయన జవాబు. తమాషా ఏమిటంటే ఆ పుస్తకం కూడా సీరియల్లాగే వచ్చింది. 1825లో మొదలుపెట్టి విడివిడిగా అచ్చేశారు. ఏడో అధ్యాయం 1830లో వస్తే ఎనిమిదోది 1832లో. అంటే ఆ పిల్ల పెళ్ళి ఏమయిందో తెలియటానికి చదువరులు కూడా ఆ రెండేళ్ళూ కాచుకున్నారన్నమాట. నాకు ఫోన్ చేసిన గుడివాడ ఆవిడ ఆ దేశంలో పుట్టి వుంటే ఏమయ్యేవారో!

పెళ్ళికి సూచన అసలే లేదా అంటే, వుంది. ఎలుగుబంటి కలలోకొస్తే పెళ్ళికొడుకు వస్తాడని రష్యన్ల నమ్మకమట. చివరికి చూస్తే ఆ జనరల్ ఒనేగిన్‌కి చుట్టమే అవుతాడు! అంచేత ఎలుగుబంటే మొగుడని కొందరు పండితుల మాట. వుండొచ్చు. నాకు మాత్రం అసలు సూచన కలలో లేదనిపిస్తుంది. రెండో అధ్యాయంలో తత్యానా తల్లి కథ వుంది. మనసొకరి మీద, మనువొకరితో. అడగకుండానే పెళ్ళి చేశారు, పల్లెటూరు తీసుకొచ్చారు, మొదట ఏడ్చింది, తర్వాత పచ్చళ్ళు పెట్టుకుంటూ లెక్కలు చూసుకుంటూ అలవాటుపడిపోయింది. మూడో అధ్యాయంలో పెంచిన దాది కథ. పదమూడేళ్ళకి పెళ్ళి. మొగుడు తనకంటే చిన్నవాడు. భయంతో ఏడుస్తుంటే జడ విప్పి పాటలు పాడుతూ చర్చికి తీసుకెళ్ళారు. తత్యానా ఏమడిగిందని యిదంతా చెప్పింది? అమ్మమ్మా, నువ్వెప్పుడైనా ప్రేమించావా అని అడిగినట్టే అడిగింది. అద్దం దిండు కింద పెట్టుకున్న పిల్లకి, రాబోయేది పక్కనే కూచుని చెబుతున్నా వినపడలేదు.

పదమూడేళ్ళేమిటి ఘోరం అనుకునేరు! గురజాడవారు 'కన్యాశుల్కం' పీఠికలో చెప్పిన లెక్క చూడండి. విశాఖ జిల్లాలో విజయనగరం మహారాజు రాయించిన పట్టికలో డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్ళిళ్ళు 1034. అందులో ఏడాది నిండిన పసిపిల్లలు ముగ్గురు. (గురజాడవారి 'దిద్దుబాటు' 1910లో మా బందరు 'ఆంధ్రభారతి'లోనే అచ్చయింది. అందుకని ఆయన మీద మా వూరికి కాస్త హక్కుందని నా నమ్మకం.) ఆయన పూర్ణమ్మ కథలోనూ యిదే పద్ధతి. ముసలివాడికి అమ్ముడుపోయిన పిల్ల అత్తారింటికి వెళ్ళబోతూ అన్నదమ్ములకి అప్పగింతలు పెడుతుంది, మీ పిల్లల్లో ఒకతెకి నా పేరు పెట్టుకోండి అంటుంది. కాపరానికి పోయే పిల్ల అనే మాటేనా అది? మనకి గుండె జల్లుమంటుంది. వినేవాళ్ళకి మాత్రం అర్థం కాదు. ఆ సాయంత్రం దుర్గ గుడికి వెళ్ళిన పిల్ల తిరిగి రాదు.

కథ చదివే మనం ఎంత ఎరిగినా నోరు మూసుకు కూచోవలసిందే. పుస్తకంలోకి దూరి, ఒసే పూర్ణా, ఆగవే అనలేం. అంచేత ఆ పాపం మనది కాదు. కానీ చుట్టాలకీ పక్కాలకీ ఆ సౌకర్యం ఎక్కడిది?

మా పిన్ని సంగతి చెప్పాలి. మా అమ్మ పుట్టిల్లు దివిసీమలో, నాగాయలంక దగ్గర. 1977 నవంబరు 19 ఉప్పెనలో సముద్రం వూళ్ళ మీదికి వచ్చింది. పదివేలమంది దాకా పోయారు. అమ్మమ్మ వాళ్ళకి మనుషులు మిగిలారుగానీ యిల్లు, గొడ్డూ గోదా ఏమీ మిగల్లేదు. మరుసటేడు పిన్నికి సంబంధం వచ్చింది. కట్నం అక్కర్లేదన్నారు. పెళ్ళిచూపుల్లో పెళ్ళికొడుకు కాఫీ గ్లాసు పుచ్చుకుంటే చెయ్యి వణికి కాఫీ తొణికింది. మా అమ్మ చూసింది, అమ్మమ్మ చూసింది. "కొత్త కదా, బెదురు" అంది అమ్మమ్మ. బెదురు కాదని యిద్దరికీ తెలుసు. పొద్దున్నే తాగేవాళ్ళ చేతులు ఎట్లా వుంటాయో ఎరగనివాళ్ళెవరు? ఆ యింట్లో పిన్ని పడిన పాట్లు యిక్కడ రాయను. బాబాయి పోయి చాలా ఏళ్ళయింది.

రెండేళ్ళ కిందట సంక్రాంతికి పులిగడ్డ మీదుగా పిన్ని దగ్గరికి వెళ్ళాం. వసారాలో ముగ్గురం కూచుని చిక్కుడుకాయలు వలుస్తున్నాం. వున్నట్టుండి మా అమ్మ, "నాకు ముందే తెలుసే చెల్లీ. ఆ కాఫీ తొణికిన రోజే తెలుసు. అమ్మకీ తెలుసు" అంది. నలభై ఏళ్ళు దాటి మోసిన మాట. నేను బిగుసుకుపోయాను. పిన్ని తలెత్తలేదు. "నాకు తెలియదనుకున్నారా? కాఫీ తెచ్చిచ్చింది నేనేగా. గ్లాసిస్తుంటే వాసన కూడా వచ్చింది" అంది.

"మరి ఎందుకు చేసుకున్నావు పిన్నీ?"

"నన్నెవరన్నా అడిగితేగా!"

కాసేపాగి, "అమ్మ మొహం చూసి వూరుకున్నాలే" అంది. చిక్కుడుకాయలు వలవటం మాత్రం ఆపలేదు. మా అమ్మ చెయ్యి బుట్టలోనే వుండిపోయింది.

అందరికీ తెలుసు. అందరూ ఎదుటివాళ్ళకి తెలియదనుకున్నారు. ఏ నవలాకారుడూ యింత ఉత్కంఠ కల్పించలేడు. అమ్మమ్మని తిట్టబుద్ధి కాదు నాకు. కప్పు లేని యింట్లో పెళ్ళీడు పిల్లని పెట్టుకున్న మనిషి ఆవిడ. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారుగా. అబద్ధమాడటానికి కూడా నోరు పెగలనివాళ్ళకి, మాట్లాడకుండా వుండటం ఇంకా సులువు.

బందరులో వుండేవాళ్ళకి రేవులో ఎత్తే ప్రమాద సూచికలు చిన్నప్పటినుంచీ అలవాటే. మూడో నంబరన్నారంటే బట్టలు తీసి లోపల వేసుకుంటాం. పదో నంబరన్నారంటే గుండెల్లో రాయి పడుతుంది. ఒక్కోసారి తుఫాను దారి మళ్ళి ఎటో పోతుంది. అప్పుడు వూళ్ళోవాళ్ళు విసుక్కోకపోరు. అయినా మళ్ళీ వాయుగుండం పడితే మళ్ళీ సూచిక ఎత్తుతారు. పెళ్ళి విషయంలో ఎత్తేవాళ్ళు లేరు. వున్నా తప్పయితే? ఎవరో అన్నమాట పట్టుకుని నేను మోసుకెళ్ళి, అది వట్టిదైతే, ఒక కుర్రాడి పేరు చెడగొట్టినదాన్నవుతాను. వట్టి పుకార్లతో సంబంధాలు చెడగొట్టే మహాతల్లులు ప్రతి వీధికీ వుంటారు. వాళ్ళల్లో నేనొకదాన్ని కానని నమ్మకమేమిటి? రెండు రాత్రులు యిదే కొట్టుకుపోయాను.

మూడోనాడు ఫోన్ చేశాను. వదినకి కాదు, పిల్లకి. బ్యాంకులో పని చేస్తోంది, మధ్యాహ్నం భోజనం వేళ దొరికింది. విన్నది విన్నట్టు చెప్పాను, ఎట్లా విన్నానో అది కూడా చెప్పాను. అది కంగారుపడలేదు. "అత్తా, నువ్వు చూశావా, విన్నావా?" అంది.

"విన్నానే."

"అయితే నేనే అడుగుతాలే. అబ్బాయి నంబరు నాన్న దగ్గరుంది."

ఇంత తేలికా! మా రోజుల్లో, అంటే ఎంతో ఏళ్ళేం కాలేదు లెండి, ఈ మాట అనొచ్చని నాకు తోచనే తోచలేదు.

సాయంత్రానికి వదిన ఫోన్ వచ్చింది. "నాకు చెప్పమంటే దానికి చెబుతావుటమ్మా? అబ్బాయిని పిల్ల ఎదురు ప్రశ్నలేస్తే వాళ్ళేమనుకుంటారు?" అని కేకలేసింది. కోపం న్యాయమే. ఆవిడ అడిగింది, నేను ఆవిడకి జవాబివ్వలేదు. కానీ ఆ జవాబు ఆవిడది కాదనిపించింది నాకు. కథలో దాచిన సంగతి రాసేవాళ్ళ సొత్తు. ఒక పిల్ల మెళ్ళో పడబోయే తాళి సంగతి ముందుగా ఎవరి చేతికి రావాలి? అమ్మకా, అత్తకా? పిన్ని మాట చెవుల్లో మోగుతూనే వుంది.

ఇదంతా జరిగి అయిదు రోజులైంది. ఆ పిల్ల ఏమడిగిందో, ఆ అబ్బాయి ఏం చెప్పాడో తెలియదు. వదిన మాట్లాడటం లేదు. ఫోన్ మోగితే చాలు చెయ్యి తుడుచుకుని పరిగెడుతున్నాను. పెళ్ళిచూపులకి తీసుకెళ్దామని తెచ్చిన బందరు లడ్డూల డబ్బా అట్లాగే వుంది.

నిన్న మోగింది. గుడివాడ పెద్దావిడ. "వాడి సంగతి తేల్చావా తల్లీ?" అన్నారు. ఏమనుకున్నానో ఏమో, యీసారి గబగబా చెప్పేశాను, పెళ్ళికొడుకు ఎట్లాంటివాడో, కథ ఎటు పోతుందో, చివరికి ఏమవుతుందో అన్నీ. అవతల నుంచి చాలాసేపు మాట లేదు.

"అయ్యో, నిజంగా చెప్పేశావేంటమ్మా! ఇంక వచ్చేవారం నేనేం చదవను?" అన్నారావిడ.